డాలీ ప్రదర్శన చూసి వచ్చాను, మీసం తప్ప ఏమీ గుర్తు లేదు

గోదావరి_గట్టు

పోయిన ఆదివారం మా చిన్నమ్మాయి పట్టుబట్టడంతో స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ మీద జరుగుతున్న ఒక ప్రదర్శనకు వెళ్లాను. ఊరి పేరు, నిర్వాహకుల పేరు ఇక్కడ అనవసరం. పెద్ద హాలు, నాలుగు గోడలూ నేలా అన్నీ తెరలే. ఇరవై అడుగుల గడియారం ఒకటి మా నెత్తి మీది నుంచి కారి కాళ్ల కిందికి వచ్చింది. సన్నకాళ్ల ఏనుగులు ఒక గోడ నుంచి ఇంకో గోడకు నడిచి వెళ్లాయి. పిల్లలు కేరింతలు కొట్టారు, పెద్దలు ఫోటోలు తీసుకున్నారు. డాలీ తన చేత్తో గీసిన గీత మాత్రం ఆ హాలులో ఒక్కటీ లేదు. ఆయన జీవితం గురించి పది నిమిషాల పాటు చెప్పినదంతా మీసం, భార్య గాలా, గొలుసు కట్టి తిప్పిన అడవిపిల్లి, అంతే. ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, అంత నునుపైన పనితనం ఆ చేతికి ఎలా వచ్చిందో ఒక్క ముక్క లేదు. ముప్ఫై అయిదేళ్లు డ్రాయింగు టీచరుగా పనిచేసినదాన్ని, నాకు కడుపు మండిపోయింది.

వచ్చే జూన్‌లో మా పెద్దమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. బార్సిలోనాలో మూడు రోజులు ఉంటాం. అక్కడికి దగ్గరలో ఫిగేరస్ అనే ఊళ్లో డాలీ స్వయంగా రూపొందించుకున్న మ్యూజియం ఉందని తెలుసు. అక్కడైనా మనిషీ బొమ్మా రెండూ కనిపిస్తాయా, లేక అదీ మీసాల జాతరేనా? చూసినవారు చెప్పగలరు. అసలు ఒక అధివాస్తవిక (సర్రియలిస్టు) చిత్రకారుడి, అంటే కలల్లాంటి వింతలు వేసేవాడి ప్రదర్శనలో అతని బతుకు ఎంత ఉండాలి, బొమ్మ ఎంత ఉండాలి?

ఫ్రేముల_షాపు

మీరు చూసిన ఇరవై అడుగుల గడియారం ఉన్న అసలు బొమ్మ, ఆ కరిగే గడియారాల బొమ్మ, కొలత 24 సెంటీమీటర్లకు 33. మన ఏ-ఫోర్ కాగితం కన్నా కాస్త పెద్దది, అంతే. 1931లో వేసిన ఆ బొమ్మ న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కు 1934లోనే చేరింది. దాన్ని చూడటానికి ఫిగేరస్ వెళ్లాలనుకుంటే మాత్రం రైలు తప్పు ఎక్కినట్టే.

గోదావరి_గట్టు

కొలత తెలియదు సుమండీ. ఇన్నేళ్లూ పిల్లలకు అది గోడంత బొమ్మ అనే చెబుతూ వచ్చాను.

బాటసారి_బార్సిలోనా

ఫిగేరస్ గురించి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఎందుకంటే నేను ఇక్కడికి వచ్చిన ఆరేళ్లలో చుట్టాలనూ స్నేహితులనూ వెంటబెట్టుకుని అక్కడికి తొమ్మిదిసార్లు వెళ్లాను.

అది మొదట ఆ ఊరి నాటకశాల. పందొమ్మిదో శతాబ్దం నడుమ కట్టారు. స్పెయిన్ అంతర్యుద్ధం చివర, 1939లో తగలబడి మొండిగోడలు మిగిలాయి. డాలీ కుర్రవాడుగా ఉన్నప్పుడు తన బొమ్మలను మొదటిసారి జనం ముందు పెట్టింది ఆ నాటకశాల ముందు హాలులోనే. ఆయనకు నామకరణం చేసిన సెయింట్ పీటర్ చర్చి ఎదురుగా ఉంటుంది. అందుకే ఊరి పెద్దలు మ్యూజియానికి చోటు అడిగితే ఆయన కాలిపోయిన ఆ శిథిలాన్నే కోరుకున్నాడు. 1974 సెప్టెంబరు 28న తెరిచారు. వేదిక ఉండాల్సిన చోట పైన గాజు గుమ్మటం ఉంది, దాన్ని పెరెస్ పిన్యేరో అనే వాస్తుశిల్పి గీశాడు. ప్రేక్షకులు కూర్చునే కుర్చీల చోటు ఆకాశం కనిపించే ముంగిలి అయింది. అక్కడ ఒక నల్లటి కాడిలాక్ కారు, దాని మీద ఎర్న్‌స్ట్ ఫుక్స్ చెక్కిన భారీ స్త్రీ విగ్రహం, ఆ వెనుక టైర్ల స్తంభం, దాని కొసన గాలా పడవ. నాణెం వేస్తే కారు లోపల వాన కురుస్తుంది. కారు బయట ఎండ కాస్తూ ఉంటుంది, లోపల కూర్చున్న బొమ్మలు మాత్రం తడుస్తూ ఉంటాయి.

మీరు అడిగిన మనిషి అక్కడే ఉన్నాడు. డాలీ 1989 జనవరి 23న అదే ఊళ్లో పోయాడు. గుమ్మటం కింద నేలలో ఒక సాదా పలక ఉంటుంది, చాలామంది దాన్ని తొక్కుకుంటూ పోయి పైనున్న పెద్ద తెరను ఫోటో తీసుకుంటారు. ఆ పలక కిందే ఆయన్ని పాతిపెట్టారు.

లోపల ఏ గది తర్వాత ఏ గది చూడాలన్న నియమం లేదు. బొమ్మల పక్కన వివరణ చీటీలు కూడా చాలా తక్కువ. చూసినవాడు నాటకంలాంటి కల కని బయటికి రావాలని డాలీ కోరుకున్నాడు, ఇప్పటికీ దాన్ని అలాగే నిలబెట్టారు.

లెక్కల_మాస్టారు

చీటీలు లేకపోతే ఏది ఏ ఏడు వేశాడో ఎలా తెలుస్తుందండీ? మా గోదావరి గారు అడిగింది చెయ్యి ఎలా కుదిరిందని. దానికి వరస కావాలి. 1920లలో ఏం వేశాడు, 1929లో పారిస్ చేరాక ఏం మారింది, అమెరికాలో ఎనిమిదేళ్లు గడిపి వచ్చాక ఏం మారింది, ఇదంతా ఒకదాని తర్వాత ఒకటి చూస్తే కదా బోధపడేది. కల బాగానే ఉంటుంది, మర్నాడు పరీక్షలో ఏం రాస్తాం?

బాటసారి_బార్సిలోనా

మాస్టారూ, ఆ మ్యూజియంలో పరీక్ష పెట్టరు. అక్కడి దుకాణంలో కేటలాగు దొరుకుతుంది, అది కొనుక్కుని ఇంటికి వచ్చాక చదువుకోవచ్చు.

టాంపా_తీరం

మాస్టారు అడిగిన వరస కావాలంటే మా ఊరి పక్కకు రావాలి. ఫ్లోరిడాలో టాంపాకు అఖాతం అవతల సెయింట్ పీటర్స్‌బర్గ్ ఉంది. ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్లకు ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే డిస్నీ, బీచి, గుడి అయ్యాక నాలుగో చోటు డాలీ మ్యూజియమే.

దాని కథ ఒక పెళ్లిరోజు కథ. క్లీవ్‌లాండ్‌లో రెనాల్డ్స్ మోర్స్, ఎలియనోర్ అనే దంపతులు 1942లో తమ ఊరికి వచ్చిన డాలీ ప్రదర్శన చూశారు. మరుసటి ఏడు, అంటే పెళ్లయిన ఏడాదికి, ఒక చిన్న బొమ్మ కొన్నారు. దానికి డాలీ ఎంచిన పాత చట్రం ఖరీదు బొమ్మ ఖరీదును మించిపోయింది. అక్కడ మొదలై నలభై ఏళ్లు కొంటూనే పోయారు. ఇల్లు చాలక 1971లో ఒహాయోలో మ్యూజియం పెట్టారు. మొత్తం సేకరణను ఒకే చోట ఉంచేవారి కోసం వెతుకుతున్నారని పత్రికలో వార్త వస్తే, అది చదివి సెయింట్ పీటర్స్‌బర్గ్ వాళ్లు ఎగరేసుకొచ్చారు. 1982లో తెరిచారు. ఇప్పటి భవనం 2011 జనవరి 11న మొదలైంది. తుఫాను దేశం కాబట్టి గోడలు పద్దెనిమిది అంగుళాల కాంక్రీటు, దాని మీది నుంచి గాజు బుడగ ఒకటి పొంగినట్టు ఉంటుంది. అందులో వెయ్యికి పైగా త్రికోణపు గాజు పలకలు ఉన్నాయి, ఏ రెండూ ఒక్కలా ఉండవు.

లోపల కుర్రతనపు బొమ్మల నుంచి ముసలితనపు బొమ్మల దాకా ఆయన పని ఏ కాలంలో ఎలా నడిచిందో చూసుకుంటూ వెళ్లవచ్చు. వివరించి చెప్పే స్వచ్ఛంద మార్గదర్శకులు ఉంటారు. మా మామగారు వ్యవసాయం తప్ప మరొకటి ఎరుగరు. 1970లో పూర్తయిన ఎద్దులపోరు వీరుడి బొమ్మ ముందు ఆయన్ని నిలబెట్టాను, అది దాదాపు నాలుగు మీటర్ల ఎత్తు ఉంటుంది. ముందు ఆయనకు వరసగా నిలబడ్డ చేతుల్లేని వీనస్ విగ్రహాలే కనిపించాయి. మార్గదర్శకురాలు పది అడుగులు వెనక్కి రమ్మంది. విగ్రహం రొమ్ము ముక్కు అయింది, పొట్ట మీది నీడ పెదవి అయింది, ఆకుపచ్చ చీరకుచ్చిళ్లు మెడకు కట్టుకునే టై అయ్యాయి. "వీడెవడు, ఇందాక లేడే!" అని మామగారు గట్టిగా అనేశారు. గదిలో ఉన్నవారంతా తిరిగి చూశారు. తెలుగు రాకపోయినా ఆయన ఏమన్నాడో అందరికీ అర్థమైంది.

నల్లబల్ల

టాంపా_తీరం గారు రాసిన సంఘటనలో డాలీ బతుకు ఎక్కడైనా ఉందా? ఆయన మామగారికి గాలా ఎవరో తెలియదు, మీసం సంగతి తెలియదు, అయినా బొమ్మ తన పని తాను చేసింది. నా వాదన అదే. ప్రదర్శనల్లో ఈ జీవితచరిత్ర గోల అంతా బొమ్మ ముందు అడ్డంగా నిలబడే మనిషిలాంటిది.

బెల్జియం చిత్రకారుడు రెనె మాగ్రిట్ సంగతి చూడండి. అతనికి పదమూడేళ్లప్పుడు, 1912లో, తల్లి సాంబ్ర్ నదిలో దూకి చనిపోయింది. శవం దొరికినప్పుడు నైట్‌గౌను ముఖాన్ని కప్పేసి ఉందని ఒక కథ ప్రచారంలో ఉంది. ఇక 1928లో ముఖాలకు గుడ్డలు చుట్టుకుని ముద్దు పెట్టుకునే జంటను అతను వేశాడో లేదో, ఎవరు చూసినా ఆ తల్లి గౌనే అంటారు. తన బొమ్మలకు ఇలాంటి తాళంచెవులు తగిలించడం మాగ్రిట్‌కు గిట్టేది కాదు. గోడ మీద ఆ రెండు వాక్యాలు రాసి పెట్టారంటే, చదివినవాడికి ఆ గుడ్డ ఇక గుడ్డలా కనిపించదు. చిక్కుముడి విప్పామనుకుని పక్క బొమ్మకు పోతాడు.

అక్షరాల_అమ్మమ్మ

నల్లబల్ల బాబూ, నువ్వు సగమే చెప్పావు. అదే మాగ్రిట్‌కు బ్రసెల్స్‌లో రెండు మ్యూజియాలు ఉన్నాయి. ఊరి నడిబొడ్డున 2009లో తెరిచిన పెద్దది బొమ్మల కోసం. జెట్ అనే పేటలో, ఎసెగెమ్ వీధి 135 నంబరు ఇల్లు మనిషి కోసం. 1930 నుంచి 1954 దాకా ఆయన ఆ ఇంటి కింది వాటాలో అద్దెకు ఉన్నాడు, తన బొమ్మల్లో సగం దాకా అక్కడే వేశాడు. వేసింది ఏ చిత్రశాలలోనో అనుకునేవు, వంటింటి పక్కన ఉన్న చిన్న భోజనాల గదిలో. ముందు గదిలో నిప్పుగూడు ఒకటి ఉంటుంది. రైలింజను దూసుకొచ్చే బొమ్మలో ఉన్న నిప్పుగూడు అదే. దాన్ని చూశాక నాకు ఆ బొమ్మ రహస్యం ఏమీ విడిపోలేదు, మరింత బిగుసుకుంది. ఇంత మామూలు ఇంట్లో, కూర పొయ్యి మీద ఉడుకుతూ ఉండగా, ఈ మనిషి ఇంజనును ఎలా చూశాడు అని. బతుకును చూపించడం అంటే తల్లి చావును చీటీ మీద రాయడం ఒక్కటేనా?

నల్లబల్ల

ఇల్లు వేరు, కథ వేరు అని ఒప్పుకుంటున్నాను. ఇంటిని చూపిస్తే అభ్యంతరం లేదు.

పాత_సంచిక

డాలీ విషయంలో బతుకును చూపించడంలో ఇంకో చిక్కు ఉంది. ఆయన తన బతుకు గురించి చెప్పినవి నమ్మడానికి లేదు. ఆయన కన్నా ముందు అదే పేరుతో, సాల్వడార్ అనే అన్న ఒకడు పుట్టి చనిపోయాడు. ఆ అన్న ఏడేళ్ల వాడై పోయాడని, తాను పుట్టడానికి మూడేళ్ల ముందు ఆ చావు జరిగిందని డాలీ తన ఆత్మకథలో రాసుకున్నాడు. రికార్డుల ప్రకారం ఆ పిల్లవాడు 1901 అక్టోబరులో పుట్టి 1903 ఆగస్టు 1న పోయాడు, అంటే రెండేళ్లు కూడా నిండలేదు. డాలీ 1904 మే 11న పుట్టాడు. సరిగ్గా తొమ్మిది నెలల పది రోజుల తేడా. నిజమే ఆయన కల్పన కన్నా ఒళ్లు గగుర్పొడిచేలా ఉంది, అయినా ఆయన కల్పననే ఎంచుకున్నాడు.

1963లో ఆ అన్న ముఖాన్ని చుక్కలతో, ఎరుపూ నలుపూ చెర్రీపండ్లతో పెద్ద బొమ్మగా వేశాడు. అది టాంపా_తీరం గారి మ్యూజియంలోనే ఉంది. ఆ ముఖం రెండేళ్ల పిల్లవాడిది కాదు, ఏడేళ్ల వాడిదీ కాదు, ఎదిగిన యువకుడిది. ప్రదర్శన కట్టేవాడు ఆ బొమ్మ పక్కన డాలీ మాటను ఒక్కదాన్నే పెడితే మోసపోయినట్టు, ఉత్త తేదీలు పెడితే గుమాస్తా పని చేసినట్టు. రెండూ పక్కపక్కన పెడితే అప్పుడు మనిషి కనిపిస్తాడు.

గోదావరి_గట్టు

పాత_సంచిక గారూ, మీ రాతను మూడుసార్లు చదివాను. ఆ హాలులో పది నిమిషాలు వృథా చేసినవారు ఈ ఒక్క విషయం చెప్పి ఉంటే నేను ఇంటికి వచ్చి ఇక్కడ ఏకరువు పెట్టేదాన్నే కాదు.

ఫ్రేముల_షాపు

మీసం మీద మీకు కోపం తగ్గినట్టుంది కాబట్టి చెబుతున్నాను. ఎవరో ఒకామె తాను డాలీ కూతురినని దావా వేస్తే, 2017 జులైలో కోర్టు ఉత్తర్వుతో ఆ సమాధి పలకను లేపారు. పరీక్షలో ఆమె కూతురు కాదని తేలింది. కానీ మీసం మాత్రం చెక్కుచెదరకుండా, పది గంటల పది నిమిషాల ముళ్లలా నిలబడి ఉందని అప్పట్లో ఆ శరీరాన్ని భద్రపరిచిన వైద్యుడే చెప్పాడు. డాలీ గడియారాల్లో కరగనిది అదొక్కటే.

లెక్కల_మాస్టారు

ఫ్రేముల_షాపు గారి మాటకు ఇంట్లో ఒక్కడినే కూర్చుని నవ్వుతుంటే మా ఆవిడ వచ్చి చూసి వెళ్లింది.

పాత_సంచిక

గోదావరి గారి మొదటి ప్రశ్నకు వస్తాను. ప్రదర్శన అంటే తెల్లగోడ, వరసగా బొమ్మలు, కింద చీటీలు అని మనం అనుకుంటున్నాం. అధివాస్తవికులు మొదటి నుంచీ దాన్నే కూలదోయాలని చూశారు. 1936లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనకు డాలీ సముద్రపు లోతుల్లో మునిగేవాళ్లు తొడుక్కునే దుస్తుల్లో, తలకు బరువైన శిరస్త్రాణంతో వచ్చి ఉపన్యాసం మొదలుపెట్టాడు. లోపల ఊపిరాడక చేతులు కొట్టుకుంటుంటే అది కూడా అభినయమే అనుకుని జనం చూస్తూ కూర్చున్నారు. శిరస్త్రాణం ఊడదీయడానికి నానా తంటాలు పడ్డారు.

1938 జనవరిలో పారిస్ ప్రదర్శన దానికి తాత. మార్సెల్ దుషాం అనే ఫ్రెంచి కళాకారుడు 1,200 బొగ్గు బస్తాలను లోకప్పు నుంచి వేలాడదీశాడు, కింద ఎండుటాకులు పరిచారు. ప్రారంభం రోజున హాలంతా చీకటి, చూడటానికి వచ్చినవారి చేతికి టార్చిలైట్లు ఇచ్చారు. గుమ్మం దగ్గర డాలీ పెట్టిన వాన టాక్సీ, అందులో ఆడబొమ్మ ఒంటి మీద నిజమైన నత్తలు పాకుతున్నాయి. ఫిగేరస్ ముంగిట్లో ఉన్న కారు దాని మనవడే. బొమ్మను హాయిగా చూడనివ్వకపోవడం వాళ్ల ఉద్దేశంలో భాగం.

నల్లబల్ల

అలాగైతే గోదావరి గారు చూసిన తెరల హాలు కూడా ఆ వంశంలోదే అనవలసి వస్తుంది. చీకటి ఉంది, వింత ఉంది, బొమ్మను సరిగా చూడనివ్వలేదు.

పాత_సంచిక

లేదు. దుషాం బొగ్గు బస్తాల కింద నిలబడ్డవాడికి మసి మీద పడుతుందేమోనన్న భయం ఉంది, టార్చి వెలుగులో వెతుక్కుంటే దొరికేది అసలు బొమ్మ. తెరల హాలులో భయమూ లేదు, వెతుక్కోవడానికి ఏమీ లేదు.

కొత్త_కుంచె

చేతి పని చూడాలంటే చెక్కిన ముద్రణలు చూడండి అంటాను. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ ఇండియా హాబిటాట్ సెంటర్‌లో డాలీ ప్రదర్శన జరిగింది. ఆయనకు ప్రచురణకర్తగా ఉన్న పియెర్ ఆర్జిలే సేకరణ నుంచి రెండువందలకు పైగా గీతలు, ఎచింగులు, నీటిరంగులు తెచ్చారు, ఆర్జిలే కూతురే దగ్గరుండి అమర్చారు. మా కాలేజీ వాళ్లం పన్నెండుమందిమి హైదరాబాదు నుంచి రైల్లో వెళ్లాం. అందులో హిప్పీల వరస ఒకటి ఉంది. ఆర్జిలే మన దేశం తిరిగి తీసుకెళ్లిన ఫోటోలను చూసి డాలీ 1969, 70లలో వేసిన బొమ్మలవి. సూది రాగిరేకు మీద జారినప్పుడు పడ్డ గీత సన్నగా మొదలై, మలుపు దగ్గర ఇంకు నిలిచి లావైంది. కాగితం అంచున రేకు నొక్కిన గుంట కూడా కనిపించింది. తెర మీద ఎంత పెద్దది చేసినా ఆ గుంట రాదు.

ఫ్రేముల_షాపు

కొత్త_కుంచె బాబూ, ఆ గుంట చూడటం అలవాటు చేసుకోవడం మంచిదే, కానీ గుంట ఉందని, సంతకం ఉందని నమ్మి ఏదీ కొనవద్దు. ఏడాదికి ఒకరిద్దరు మా షాపుకు డాలీ సంతకం ఉన్న ముద్రణ అంటూ తెచ్చి ఖరీదైన చట్రం కట్టమంటారు. నేను కట్టి ఇస్తాను, నోరు మాత్రం విప్పను. డాలీ ఖాళీ కాగితాల మీద సంతకాలు చేసి అమ్మేవాడు. 1974లో అండోరా సరిహద్దు దగ్గర ఫ్రెంచి అధికారులు ఆపిన ఒక బండిలో అలా సంతకం చేసిన ఖాళీ కాగితాలు 40,000 దొరికాయి. సంతకం అసలుదే, బొమ్మ ఎవరిదో దేవుడికి ఎరుక. ఆయన పేరులోని అక్షరాలనే తిప్పి అధివాస్తవికుల నాయకుడు ఆంద్రె బ్రెతాన్ 'అవిడా డాలర్స్', అంటే డాలర్ల ఆశపోతు, అని పేరు పెట్టింది ఊరికే కాదు.

కిటికీ_సీటు

మన దేశానికీ డాలీకీ లావాదేవీ ఒకటి ఉంది, ఎవరూ ఎత్తలేదేమి? 1967లో ఎయిర్ ఇండియా తన ప్రయాణికులకు కానుకగా ఇవ్వడానికి ఆయన చేత పింగాణీ బూడిదగిన్నె గీయించుకుంది. నడుమ గుల్ల, అంచు చుట్టూ పాము, కింద ఆధారంగా హంస. హంసను తలకిందులు చేస్తే ఏనుగు తల అవుతుంది. డబ్బు వద్దు, ఏనుగుపిల్ల కావాలన్నాడు. బెంగళూరు నుంచి ఒక పిల్లను విమానంలో జెనీవాకు, అక్కడి నుంచి లారీలో స్పెయిన్‌కు పంపారు. అది చివరికి వలెన్సియా జంతుప్రదర్శనశాలలో పెరిగింది.

పాత_సంచిక

హంస-ఏనుగు తమాషా మనవాళ్లకు కొత్తేమీ కాదు. తమిళనాడులోని దారాసురం గుడిలో ఎద్దు తల, ఏనుగు తల ఒకే రాతిలో కలిసిపోయిన శిల్పం ఉంది, ఒక వైపు శరీరాన్ని చేత్తో మూస్తే ఎద్దు, రెండో వైపు మూస్తే ఏనుగు. మన లేపాక్షిలో ఒక ఆవు ఒంటికి మూడు తలలు చెక్కారు. శిల్పి బతుకు సంగతి అక్కడ ఎవరికీ తెలియదు, నల్లబల్ల గారికి ఇది బలం.

లెక్కల_మాస్టారు

సాలార్‌జంగ్ మ్యూజియంలో అద్దం ముందు నిలబెట్టిన చెక్క విగ్రహాన్ని మరిచిపోయారు. ముందు నుంచి చూస్తే మెఫిస్టోఫిలీస్ అనే దయ్యం, వెనుక అద్దంలో తల వంచుకున్న మార్గరెట్టా. దానికన్నా గంట కొట్టే గడియారం ముందే జనం ఎక్కువ ఉంటారన్నది వేరే సంగతి. ఫిగేరస్‌లో నాణెం వేసే కారు ముందు కూడా అదే గుంపు అనుకుంటాను.

నాకు లెక్క ప్రకారం నచ్చినది లింకన్ బొమ్మ. 1973లో లియాన్ హార్మన్ అనే శాస్త్రవేత్త లింకన్ ముఖాన్ని కొద్దిపాటి గళ్లుగా విడగొట్టి, ఎంత తక్కువ సమాచారంతో మనిషిని గుర్తుపట్టగలమో చూపించాడు. డాలీ దాన్ని పట్టుకుని దగ్గర నుంచి సముద్రం చూసే గాలా వీపు, దూరం నుంచి లింకన్ ముఖం కనిపించేలా పెద్ద బొమ్మ వేశాడు. ఒకటి ఫిగేరస్‌లో, మరొకటి ఫ్లోరిడాలో ఉన్నాయని చదివాను. రెండూ చూసినవారు ఉన్నారా?

బాటసారి_బార్సిలోనా

ఫిగేరస్‌ది చూశాను. అంత దూరం వెనక్కి నడవనక్కర లేదు. ఫోను పైకెత్తి ఆ చిన్న అద్దంలో చూస్తే చాలు, లింకన్ వచ్చేస్తాడు. పాపం గాలాను చూడటానికే ఫోను దించాలి.

టాంపా_తీరం

ఫ్లోరిడాది కూడా అంతే. ఇంకో సంగతి చెబితే కోప్పడతారేమో. 2019 నుంచి ఇక్కడ మనిషంత ఎత్తు తెర మీద డాలీయే వచ్చి మాట్లాడుతున్నాడు. పాత ఇంటర్వ్యూల దృశ్యాలను కంప్యూటరుకు నేర్పి, వేరే నటుడి ముఖం మీద ఆయన ముఖాన్ని అతికించారు. వెళ్లేటప్పుడు మన పక్కకు తిరిగి సెల్ఫీ తీసి ఫోనుకు పంపిస్తాడు. మా పిల్లలకు మ్యూజియం మొత్తంలో అదే గుర్తుంది.

నల్లబల్ల

చచ్చినవాడి నోట మాటలు పెట్టడం నాకు ఏ కోశానా మింగుడు పడదు. మాగ్రిట్‌కు ఇలా చేసి ఉంటే ఎవరైనా ఊరుకునేవారా?

అక్షరాల_అమ్మమ్మ

మాగ్రిట్‌కు తగదు, డాలీకి తగుతుంది. తనకు చావు లేదని చెప్పుకుంటూ తిరిగిన మనిషి ఆయన. నాకు మింగుడు పడనిది ఇంకొకటి. ఇన్ని జవాబుల్లో గాలా పేరు మీసం పక్కనా, పిల్లి పక్కనా మాత్రమే వచ్చింది. డాలీ చాలా బొమ్మల మీద 'గాలా సాల్వడార్ డాలీ' అని ఇద్దరి పేరుతో సంతకం చేశాడు. ఒప్పందాలు కుదిర్చిందీ, డబ్బు చూసుకున్నదీ ఆమె. ఫిగేరస్‌కు దక్షిణాన పుబోల్ అనే పల్లెలో ఆయన ఆమెకు పాత కోట ఒకటి ఇచ్చాడు. ఆమె రాసి పిలిస్తే తప్ప తాను గుమ్మం తొక్కనన్నాడు, ఆ మాట మీదే ఉన్నాడు. 1982లో ఆమె పోయాక అక్కడే పాతిపెట్టారు. పక్కన రెండో సమాధి తవ్వించి పెట్టుకున్నారు, అది ఖాళీగా ఉంది. ఆయన ఫిగేరస్‌లో గుమ్మటం కింద ఉండిపోయాడు. 2018లో బార్సిలోనా జాతీయ కళా మ్యూజియం గాలా మీద ప్రత్యేకంగా ప్రదర్శన పెట్టింది. ఆమె ఉత్తరాలు, దుస్తులు, ఆమె చేసిన వస్తువులు చూశాక ఆమె ఒట్టి మోడల్ అనే మాట నా నోట రాలేదు.

నల్లబల్ల

అమ్మమ్మ గారు గాలాను తెచ్చారు కాబట్టి నేను స్పెయిన్‌ను ఏలిన ఫ్రాంకోను తెస్తాను. 1975లో ఆ నియంత అయిదుగురికి మరణశిక్ష అమలు చేయిస్తే లోకమంతా ఛీ కొట్టింది, డాలీ మెచ్చుకున్నాడు. బతుకు చూపిస్తామంటే అది కూడా చూపించాలి, లేదా బతుకు జోలికి పోకూడదు. మీసం చూపించి ఇది దాచడం నాకు ఒప్పదు.

లెక్కల_మాస్టారు

ఈ ఒక్క విషయంలో నల్లబల్ల గారితో ఏకీభవిస్తున్నాను. 1979, 80లలో పారిస్ పాంపిడూ సెంటర్ ప్రదర్శనకు 8 లక్షల 40 వేల మంది వచ్చారు, 2012, 13లలో అదే చోట మళ్లీ పెడితే 7 లక్షల 90 వేల మంది. అంతమంది వచ్చే చోట సగం మనిషిని చూపించడం అన్యాయం.

బాటసారి_బార్సిలోనా

గోదావరి గారి ప్రయాణం సంగతి తేలలేదు. మీకు మూడు రోజులే కాబట్టి ఒక రోజు ఫిగేరస్‌కు, ఒక రోజు పోర్ట్‌లిగాట్‌కు ఇవ్వండి. బార్సిలోనా నుంచి ఫిగేరస్‌కు వేగపు రైలు గంటలోపే చేరుస్తుంది. పోర్ట్‌లిగాట్ అంటే కదాకెస్ పక్కన సముద్రపు ఒడ్డున డాలీ బతికిన ఇల్లు. 1930లో ఒక జాలరి గుడిసె కొని, పక్కవి ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోయాడు. లోపల గదులు చాలా ఇరుకు, కొద్దిమందినే గుంపుగా పంపుతారు, టికెట్టు ముందే తీసుకోకపోతే గుమ్మం నుంచే వెనక్కి రావాలి.

మీరు డ్రాయింగు టీచరు కాబట్టి ఒక్కటి చెబుతాను. ఆయన పనిగదిలో నేలకు పొడవాటి సందు కోసి ఉంటుంది. పెద్ద గుడ్డను చట్రానికి బిగించి, కప్పీలతో ఆ సందులోంచి కిందికీ పైకీ జరుపుకునేవాడు. పై మూల వేయాలంటే నిచ్చెన ఎక్కనక్కర లేదు, బొమ్మే దిగి వస్తుంది. ఆయన కుర్చీలోంచి లేవకుండా వేశాడు. గాలా పోయాక ఆ ఇంటికి మళ్లీ కాపురానికి రాలేదు. చెయ్యి ఎలా కుదిరిందన్నారు కదా, ఆ కుర్చీలో కొంత జవాబు ఉంది.

గోదావరి_గట్టు

నిర్ణయించుకున్నాను. మొదటి రోజు పోర్ట్‌లిగాట్, రెండో రోజు ఫిగేరస్. అమ్మాయి పోర్ట్‌లిగాట్ టికెట్లు నిన్న రాత్రే తీసింది, పదకొండున్నర గంటల గుంపు దొరికింది. పనిగదిలో ఫోటోలు తీయనిస్తారో లేదో, నేను మాత్రం చిన్న పుస్తకం, పెన్సిలు పట్టుకెళ్లి ఆ సందునూ కప్పీలనూ గీసుకుని వస్తాను. గీసింది ఇక్కడ పెడతాను. నల్లబల్ల గారి కోసం పలక కింద ఉన్నాయన గురించి చీటీల్లో ఫ్రాంకో మాట ఎక్కడైనా ఉందేమో కూడా వెతుకుతాను.

ఫ్రేముల_షాపు

ఆ కప్పీలు ఎలా కట్టారో కాస్త వివరంగా గీయండి, మా షాపులో పెద్ద చట్రాలకు పనికొస్తుంది. చిల్లర నాణేలు మరిచిపోకండి, లేకపోతే కారులో వాన కోసం పక్కవాడి జేబు వైపు చూడాల్సి వస్తుంది.